పంటి జెల్ పరీక్షలు మా మచ్చల పళ్లపైనా జరగాలి

సంపాదకులకు,

అయ్యా,

సిరంజితో ఎక్కించే జెల్ సాయంతో దెబ్బతిన్న పంటిని మళ్లీ బతికించవచ్చని ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని, చంద్రపూర్ జిల్లా రాజురాలో ఇరవై ఏళ్లుగా దంతవైద్యం చేస్తున్న నేను ఆసక్తిగా చదివాను. ఇక పళ్లు పీకించుకునే పని ఉండదట కదా అంటూ ఆ పేజీ పట్టుకుని ఒకరిద్దరు నా దగ్గరికి వచ్చారు కూడా. అంత తొందర వద్దని వారికి చెప్పాను. ఎందుకు వద్దో ఇక్కడ రాస్తున్నాను.

పంటి పైపొర అయిన ఎనామిల్‌ను తయారుచేసిన కణాలు పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికే నశిస్తాయి కనుక అది తిరిగి పుట్టదు. దాని కిందనున్న డెంటిన్ మాత్రం, లోపలి మెత్తని గుజ్జు ప్రాణంతో ఉన్నంతకాలం, కొద్దికొద్దిగా చేరుతూనే ఉంటుంది. ఆ గుజ్జులో మూలకణాలు (ఇతర కణాలుగా మారగల కణాలు) ఉన్నాయని 2000లోనూ, పాలపళ్లలో కూడా ఉన్నాయని 2003లోనూ పరిశోధకులు చూపారు. కొల్లాజెన్, కైటోసాన్, ఫైబ్రిన్ వంటి పదార్థాలతో చేసే జెల్ ద్రవంగా లోపలికి వెళ్లి, రకాన్ని బట్టి ఒంటి వేడికో నీలి కాంతికో గట్టిపడి, తీగకు పందిరిలా ఆ కణాలకు ఊతమిస్తుంది. వంకర్లు తిరిగిన సన్నని వేరు కాలువలో మూలమూలకూ చేరాలంటే ద్రవరూపమే అనువు.

అయితే పందిరి వేసినంత మాత్రాన పాదుకు నీళ్లు అందవు. పెద్దవారి పంటి వేరు కొనలో రక్తనాళాలు ప్రవేశించే రంధ్రం మిల్లీమీటరుకన్నా చిన్నది. అందువల్ల ఏడెనిమిదేళ్ల వయసులో ముందుపన్ను విరగ్గొట్టుకుని, వేరు కొన ఇంకా మూసుకోని పిల్లల్లోనే ఈ వైద్యానికి ఎక్కువ ఆశ ఉంది. వారికి వేరు కొనను దాటి సూదితో కదిపి రక్తం రప్పించి, ఆ రక్తపు గడ్డనే ఊతంగా వాడే పద్ధతి ఇప్పటికే ఉంది. దానితో వేరు పొడవు పెరిగిన పళ్లు ఉన్నాయి కానీ, లోపల పుట్టినది చాలాసార్లు అసలు గుజ్జు కాక ఎముకనో, వేరును కప్పి ఉండే సిమెంటమ్ అనే గట్టి పొరనో పోలిన కణజాలమేనని జంతువులపై జరిపిన పరీక్షల్లో తేలింది. జెల్ అంతకన్నా మేలని నమ్మాలంటే ఎక్స్‌రేలో వేరు గోడ మందమైందని చూపితే చాలదు; చల్లదనం ఆ పంటికి తెలుస్తున్నదా, ఐదేళ్ల తర్వాత కూడా చీము పట్టకుండా ఉందా అన్నది చూడాలి.

నా అసలు ఆందోళన వేరే ఉంది. ఇలాంటి పదార్థాలను తొలుత పరీక్షించేది జంతువుల మీద, పీకిన పళ్ల మీద; ఆ పళ్లు సాధారణంగా క్లిప్పులు వేయించుకోవడం కోసం తీయించుకున్న ఆరోగ్యమైన పళ్లు. మా జిల్లాలోనూ, నాందేడ్ జిల్లా కిన్వట్ వైపునా అనేక ఊళ్ల బోరునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని మించి ఉంటుంది. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్లపై మచ్చలు పడతాయి; వాటి ఎనామిల్ పైన గట్టిగా, కింద గుల్లగా ఉంటుంది. సిమెంటు అతుక్కునేందుకు ముందుగా రాసే యాసిడ్ పూత మామూలు పంటికి సరిపోయినా దీనికి చాలక, మేం పెట్టిన సిమెంటు త్వరగా ఊడిపోవడం నేను తరచూ చూస్తున్నదే. జెల్ ఎంత గొప్పదైనా, పైమూత కదిలితే ఉమ్మితోపాటు క్రిములు లోపలికి దిగి చేసినదంతా వృథా అవుతుంది. మచ్చల పళ్లను పక్కన పెడితే పరీక్షల ఫలితాలు శుభ్రంగా కనిపిస్తాయి, మాకు మాత్రం పనికిరావు.

అయితే మా పిల్లలను చేర్చుకోవడమంటే కాగితాల మీద సంతకాలు పెట్టించుకోవడం కాదు. తల్లిదండ్రుల సమ్మతితోపాటు, ఏడేళ్లు నిండిన పిల్లల అంగీకారం కూడా అడగాలని 2017 నాటి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాల పిల్లల్లో చాలామంది చదివేది మరాఠీ మీడియంలో. తల్లిదండ్రుల్లో మరాఠీ పత్రం చదవలేనివారూ, తెలుగు అక్షరాలు రానివారూ ఉన్నారు. పత్రాన్ని తెలుగులో అచ్చువేసి ఇచ్చినా వారికి ఒరిగేదేమీ లేదు. తెలుగు వచ్చినవారెవరైనా ఎదురుగా కూర్చుని, జెల్ విఫలమైతే ఆ పంటికి ఏం చేస్తారో, ఆ ఖర్చు ఎవరు భరిస్తారో నోటితో చెప్పి, వారు అడిగినవాటికి బదులిచ్చాకే వేలిముద్ర తీసుకోవాలి.

ఇట్లు,
ఒక దంతవైద్యుడు,
రాజురా, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర