అలమీడా పాయింట్‌లో అపార్ట్‌మెంట్లు ఎందుకు కావాలంటే

అందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలోని మన అలమీడాలో పాత నేవీ బేస్ స్థలమే అలమీడా పాయింట్. అక్కడ అపార్ట్‌మెంట్లు వద్దు, విడి ఇళ్లే బాగుంటాయని నిన్న కొందరు రాశారు. నా అభిప్రాయం వేరు.

బేస్ 1997లో మూతపడింది. ఊళ్లో డూప్లెక్స్‌ను (రెండు కుటుంబాలు ఉండే ఇంటిని) మించి కట్టకూడదని 1973లోనే ఓటర్లు మెజర్ ఏ అనే నిబంధన పాస్ చేశారు. దాన్ని తీసేద్దామని 2020లో ఓటింగ్ పెడితే వీగిపోయింది. అయినా బేస్‌లోని సైట్ ఏ అనే 68 ఎకరాల భాగంలో 800 ఇళ్లకు దారి దొరికింది రాష్ట్ర డెన్సిటీ బోనస్ చట్టం వల్లే. కొన్ని ఇళ్లు తక్కువ ధరకు ఇస్తే ఊరి పరిమితులను సడలించే చట్టం అది. అందులో 200 ఇళ్లు మార్కెట్ ధర పెట్టలేని వాళ్లకి. మన పిల్లలకు చదువు చెప్పే టీచర్లు కూడా ఈ ఊళ్లోనే ఉండగలగాలి కదా!

ట్రాఫిక్ టెన్షన్ నాకూ ఉంది. పొద్దున ఎనిమిదింటికి ఓక్లాండ్ వెళ్లే సొరంగం పోసీ ట్యూబ్ ముందు ఎర్ర లైట్ల వరుసలో నేనూ కూర్చుంటాను. కానీ ఇళ్లు దూరదూరంగా కడితే ప్రతి ఇంటికీ రెండు కార్లు, అన్నీ ఆ ట్యూబ్‌లోకే. 2021లో తెరిచిన సీప్లేన్ లగూన్ ఫెర్రీ (శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లే పడవల) టెర్మినల్‌కు నడిచి వెళ్లేంత దగ్గర్లో నాలుగైదు అంతస్తులు కడితే చాలామందికి కారు తీయాల్సిన పనే ఉండదు. ఫెర్రీలు ఎక్కువ తిరగాలన్నా ఎక్కేవాళ్లు ఉండాలి.

పాత హ్యాంగర్ల (విమానాలు నిలిపే షెడ్ల) పక్కన కొత్త భవనాల ఎత్తు ఎంత ఉండాలన్నది మాత్రం గట్టిగా అడగాల్సిందే. ప్లానింగ్ బోర్డుకు ఉత్తరం రాస్తున్నాను. సంతకం చేసేవాళ్లు ఈ రాత్రిలోగా మెసేజ్ పెట్టండి. వద్దనేవాళ్లు కూడా కారణం రాయండి, తప్పకుండా చదువుతాను.