రెండు రోజులు ఉంచితే పండుతుందని నేను చెప్పింది తప్పు

మన దుకాణంలో కొనే అమ్మలకీ అయ్యలకీ నమస్కారం. పోయిన ఆదివారం అరసవల్లి దర్శనం చేసుకుని వెళ్తూ మా దగ్గర పుచ్చకాయలు కొన్నవాళ్లు నన్ను క్షమించాలి. ఆ లోడులో చాలావరకు లేత కాయలే. ఎండలు ముదిరి గిరాకీ పెరిగేసరికి తయారవకుండానే కోసి పంపేశారు. వాళ్లు పంపితే పంపారు, చూసుకోకుండా దించుకున్నది మాత్రం నేనే.

ఇంతకన్నా నన్ను బాధపెడుతున్నది ఇంకొకటుంది. బుధవారం ఆమదాలవలస నుంచి ఒక పెద్దమ్మ సంచిలో సగం కాయ తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఏటి బావూ, రెండ్రోజులు ఉంచితే పండిపోద్దన్నావు. ఉంచినాను. నువ్వే సూడు" అంది. గుజ్జు పాలిపోయిన గులాబీ రంగులో ఉంది, గింజలు ఇంకా తెల్లగానే ఉన్నాయి. మామిడికాయకి చెప్పినట్టు ఈ మాట నేను ఎంతోమందికి చెప్పాను. పుచ్చకాయకి అది చెల్లదు. మామిడిలోనూ అరటిలోనూ దాచుకున్న పిండి ఉంటుంది, కోశాక అదే చక్కెరగా మారుతుంది. పుచ్చకాయలో ఆ నిల్వ ఉండదు. ఆకులు తయారుచేసిన తీపి తీగలోంచి రావాల్సిందే, తీగ తెగిందంటే ఇక అంతే. ఖర్బూజా బయట ఉంచితే మెత్తబడుతుంది, వాసన కూడా వస్తుంది కానీ తీపి మాత్రం పెరగదు.

ఆ రోజు కొన్నవాళ్లెవరైనా రండి. కాయకి కాయ ఇస్తాను, వద్దంటే డబ్బులిస్తాను. కోసిన కాయ తేనక్కర్లేదు, మాట చాలు.

ఇప్పుడు ప్రతి కాయనీ బోర్లించి చూశాకే వ్యాను నుంచి దించుతున్నాను. నేలకి ఆనిన చోట మచ్చ ఉంటుంది. అది ముదురు పసుపులో ఉంటే కాయ తీగ మీదే పండినట్టు. తెల్లగా, లేతాకుపచ్చగా ఉంటే వెనక్కే. పైన నిగనిగలాడే కాయని చూసి మోసపోకండి, పండిన కాయ తొక్క కాస్త మెరుపు తగ్గి ఉంటుంది. ఒకే సైజువి రెండు ఉంటే చేతికి బరువు తగిలేది తీసుకోండి. తట్టి చూడటం మనందరికీ అలవాటే. లేతది టంగుమంటుంది, పండినది మొద్దుగా పలుకుతుంది. అయితే మరీ ముగ్గి ఇసకలా అయిపోయిన కాయ కూడా మొద్దుగానే పలుకుతుంది, అందుకని ఒక్క చప్పుడునే నమ్మొద్దు. కాయ పక్కనున్న నులితీగ ఎండిందా లేదా అన్నది రైతు పొలంలో చూసుకునే గుర్తు, మన దగ్గరికొచ్చేసరికి అది ఉండదు.

ఖర్బూజాకి ముక్కే తక్కెడ. తొడిమ ఊడిన చోట వాసన చూడండి. తియ్యగా గుప్పుమంటే ఆ రోజే కోసుకోవాలి, పులిసిన వాసనొస్తే వదిలేయండి.

కొయ్యడానికి ముందు కాయని కడగండి. తొక్క తినం కదా అనుకుంటాం గానీ కత్తి ఆ మట్టినే లోపలికి లాక్కెళ్తుంది. ఖర్బూజా వలతొక్కలో మురికి ఇరుక్కుంటుంది, దాన్ని బ్రష్షుతో రుద్దాలి. పుచ్చకాయలో తీపంతా నడిబొడ్డున ఉంటుంది. అడ్డంగా చక్రాల్లా కోస్తే నడిమి చక్రం దొరికినవాళ్లకే తీపి, చివర దొరికినవాళ్లకి చప్పిడి. అందుకే తొడిమ నుంచి అడుగు దాకా నిలువుగా నాలుగు చెక్కలు చేసి, ఆ చెక్కల్ని ముక్కలు కోయండి. ఇంట్లో గుంటలందరికీ నడుమ గుజ్జు అందుతుంది. తొక్క లోపలి తెల్లటి భాగాన్ని పారేయకుండా సొరకాయలా పప్పులో వేసుకోండి.

కోసిపెట్టిన ముక్కలు అమ్మడం ఆపేశాను. ఈ ఎండలో కోసిన ముక్క గంట దాటి బయట ఉండకూడదు. రోజూ కొనేవాళ్లలో కొందరికి ఇది ఇబ్బందేనని తెలుసు. సగం కాయ కావాలంటే మీ ముందే కోసిస్తాను, రెండో సగం వెంటనే ఫ్రిజ్‌లోకి వెళ్తుంది. అది సాయంత్రానికి అమ్ముడవకపోతే ఆవులకి వేస్తాను.

కొత్త లోడు శుక్రవారం తెల్లవారుజామున 5 గంటలకి దిగుతుంది. వీలైనవాళ్లు ఆ వేళకి రండి, కాయలు బోర్లించి మీరే ఏరుకోవచ్చు.