ఇటుకలు మోసే చేతులు సరే, మొదటి లక్ష ఎవరిస్తారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక సిటీ పేజీలో ఒక ఫొటో వేశారు. పసుపు హెల్మెట్లు పెట్టుకున్న పిల్లలు వరుసగా నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరికి ఇటుకలు అందించుకుంటున్నారు. పేదల ఇంటికి టెక్కీల సాయం అని కింద రాశారు. బాగుంది. ఆ ఫొటోలో ఓ మూల తలకు తువ్వాలు చుట్టుకుని ముఖం పక్కకు తిప్పుకున్న మేస్త్రీ ఒకాయన ఉన్నాడు, చూశారో లేదో. నా కళ్లు ఆయన మీదే పడ్డాయి. వీళ్లు పోయాక ఏ వరుస పీకి మళ్లీ కట్టాలా అని లెక్క వేసుకుంటున్న ముఖం అది.

వెక్కిరించడానికి అనడం లేదు. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు కొలువులో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఐదేళ్లుగా నేనూ అలాంటి ఒక చిన్న సంస్థలో వాలంటీర్‌నే. సికింద్రాబాద్‌లో మా ఇంటికి దగ్గర్లో గుట్ట మీది బస్తీలు ఉన్నాయి. అక్కడ సొంత జాగా ఉండీ రేకుల కింద బతికే కుటుంబాలు స్లాబు ఇల్లు కట్టుకోవడానికి తోడుంటాం. కాబట్టి ఆ ఫొటోలో కనబడనిది ఏమిటో చెప్పే హక్కు నాకు కొంచెం ఉందనుకుంటాను.

ఈ పద్ధతికి పెద్ద పేరు తెచ్చింది హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సంస్థ. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ అనే చిన్న ఊళ్లో ఫుల్లర్ దంపతులు 1976లో దాన్ని మొదలుపెట్టారు. మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, ఆయన భార్య 1984 నుంచి అందులో సుత్తి పట్టుకుని పని చేశారు. 2006లో మన దేశానికీ వచ్చి, లోనావలా దగ్గర వంద ఇళ్ల పనిలో చేయి వేశారు. అప్పుడు పేపర్ల నిండా వాళ్ల ఫొటోలే. ఆ సంస్థ మన దేశంలో మొదట కాలుపెట్టింది మాత్రం 1983లో, మన ఖమ్మంలో. ఈ మాట చెబితే ఖమ్మం వాళ్లే నమ్మరు.

కార్టర్ గారి సుత్తి అందరికీ గుర్తుంది. కానీ ఆ పద్ధతిని నిలబెట్టింది సుత్తి కాదు. ఇంటి మీద లాభం వేసుకోరు. ఫుల్లర్లు పెట్టిన పద్ధతిలో డబ్బు వడ్డీ లేకుండా వాయిదాల్లో తిరిగి తీసుకుంటారు. ఆ వాయిదాలు పోగై ఇంకొకరి ఇంటికి పునాది అవుతాయి. ఇల్లు కట్టుకునేవాళ్లు తామూ ఒళ్లు వంచాలి. ఇది దానం కాదు, చేబదులు. చేబదులును ఫొటో తీయలేం గదా, అందుకే పేపర్లో ఇటుకలే పడతాయి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇందిరమ్మ ఇంటికి సర్కారు 5 లక్షలిస్తోంది. 2024 మార్చిలో భద్రాచలంలో పథకం మొదలైంది. మంచి పథకమే, నేను కాదనను. కానీ ఆ డబ్బు ముందు చేతికి రాదు. బేస్‌మెంట్ లేపి ఫొటో పెట్టించాకే మొదటి లక్ష. గోడలు లేచాక ఇంకో విడత, స్లాబు పడ్డాక మరో విడత. పని చూసి పైసలివ్వడం సర్కారుకు క్షేమమే. నేనూ ఉద్యోగంలో అలాగే కొలతల పుస్తకం రాసి బిల్లులు పంపినవాణ్ణి. కాకపోతే అక్కడ కాంట్రాక్టర్ దగ్గర పెట్టుబడి ఉంటుంది. నాలుగిళ్లలో పాచిపని చేసుకునే అమ్మ దగ్గర ఎక్కడుంటుంది?

ఆమె ఫైనాన్స్ వాడి దగ్గరికి పోతుంది. నూటికి మూడు రూపాయల వడ్డీ. లక్షకు నెలకు మూడు వేలు. విడత డబ్బు పడటం రెండు నెలలు ఆలస్యమైతే ఆరు వేలు ఊరికే పోయినట్టే. పైగా రేకులు విప్పిన రోజు నుంచి కిరాయి మొదలు. ఈ కిరాయి సంగతి ఏ ఎస్టిమేటులోనూ ఉండదు. కట్టేది సొంతిల్లు, ఉండేది కిరాయి గదిలో, దానికి అడ్వాన్సు వేరే. బేస్‌మెంట్ దగ్గరే ఆగి, పిల్లర్ల సలాకలు తుప్పు పడుతున్న ఇళ్లు మా వైపు వచ్చి చూడండి. సోమరితనం వల్ల ఆగినవి కావవి.

మా సంస్థ చేసే అసలు పని ఇక్కడే ఉంది. మొదటి లక్ష మేం వడ్డీ లేకుండా సర్దుతాం. సర్కారు విడత పడగానే అది తిరిగి మా ఖాతాకు వస్తుంది. 5 లక్షలకు పైన అయిన ఖర్చులో కొంత మేం పెడితే, దాన్ని నెల నెలా తీరుస్తారు. ప్రతి నెలా మొదటి ఆదివారం కమ్యూనిటీ హాలు వరండాలో పుస్తకం తెరుచుకుని కూర్చుంటాం. ఎగ్గొట్టినవాళ్లు లేరా అంటే ఉన్నారు, ఇద్దరు. మేం నోటీసులేం పంపలేదు. తర్వాత ఎవరి వంతో బస్తీ అంతటికీ తెలుసు. ఆ వంతు ఆమే పోయి వాళ్ల గడప ముందు కూర్చుంది. ఒకరు కట్టారు. రెండో ఆయన ఊరు వదిలిపోయాడు. ఆ డబ్బు రాలేదు, ఇక రాదు.

ఒళ్లు వంచడం గురించి కూడా ఒక మాట. మొదట్లో మాకూ ఒక రూలు ఉండేది: ఇంటివాళ్లు వారానికో రోజు పనికి రావాలి. వినడానికి బాగానే ఉంటుంది. పాచిపని చేసే ఒకామె మా రూలు కోసం వరుసగా నాలుగు వారాలు నాగా పెట్టింది. ఐదో వారం ఆమెకు ఒక ఇంట్లో పని పోయింది. అంటే మేం ఉచితం అనుకున్న చెమటకు ఆమె జీతంతో ఖరీదు కట్టింది. అప్పుడు బుద్ధొచ్చి రూలు మార్చాం. మరిది వచ్చి పునాది తవ్వినా లెక్కే. అత్త కూర్చుని అడ్డా కూలీల పిల్లల్ని చూసుకున్నా లెక్కే. స్లాబు మీద మడులు కట్టి పొద్దున్నా సాయంత్రం నీళ్లు నింపడం మరీ పెద్ద లెక్క. స్లాబుకు కనీసం పది రోజులు తడి ఆరకూడదు. మా వైపు నల్లా రోజు మార్చి రోజు వస్తుంది. ఆ పది రోజులూ బిందెలతో నీళ్లు మోసిన ఆడవాళ్ల ఫొటో నేనింతవరకు ఏ పేపర్లోనూ చూడలేదు.

మరి టెక్కీలు వద్దా? కావాలి. అయితే ఇటుక పేర్చడానికి కాదు. గుండు వేసి గోడ నిలువు చూడటం ఒక్క పూటలో వచ్చే విద్య కాదు. మోయడానికి రండి. మా గల్లీల్లో ఆటో కూడా పట్టదు. పగలు లారీలను సిటీలోకి రానివ్వరు. రాత్రి రెండు మూడింటికి ఇసుక తెచ్చి మెయిన్ రోడ్డు మీద పోసి పోతారు. తెల్లారేలోపు దాన్ని గుట్ట పైకి ఎక్కించాలి. ఈ మోత కూలికి అయ్యే ఖర్చు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఇరవై మంది పిల్లలు వరుస కడితే తట్టలు చకచకా పైకి పోతాయి. వాళ్ల జీవితంలో వాళ్లు చేసిన అతి ఉపయోగమైన కోడింగ్ అదేనని ఒక అబ్బాయితో అన్నాను. నవ్వాడు. తర్వాతి నెల మళ్లీ వచ్చాడు.

మోత కంటే అవసరమైన పనులు ఇంకా ఉన్నాయి. మా దగ్గర రిటైరైన బ్యాంకు ఆయన ఒకరున్నారు. ఆయన తట్ట ఎత్తలేరు, మోకాళ్ల నొప్పులు. కానీ కాగితం చూడగానే లోపం పట్టేస్తారు. బస్తీల్లో చాలామంది దగ్గర ఉన్నది రిజిస్ట్రేషన్ లేని నోటరీ కాగితమే. సర్కారు జాగాలో ఇళ్లు వేసుకున్నవాళ్లకు హక్కు ఇవ్వడానికి 2014లో వచ్చిన 58వ నంబరు జీవో కింద 125 గజాల లోపు పట్టా చేయించుకున్నవాళ్లు అదృష్టవంతులు. 2020 నుంచి 75 గజాల లోపు జాగాలో ఇంటికి పర్మిషన్ అక్కర్లేదు, ఆన్‌లైన్లో ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు అన్నారు. నిజమే. ఆ రూపాయి కట్టడానికి చేతిలో సరైన దస్తావేజు ఉండాలి గదా. అలాగే ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని స్లాబు వేసే ముందు రోజు వచ్చి సలాకల మధ్య ఎడం కొలిచి, తప్పుంటే మేస్త్రీతో కట్టు విప్పించి మళ్లీ కట్టిస్తుంది. మేస్త్రీకి కోపం వస్తుంది. రానివ్వండి.

స్వచ్ఛంద సంస్థలు ఊరికంతా ఇళ్లు కట్టేస్తాయని నేను అనడం లేదు. నగర శివార్లలోని కొల్లూరులో ఒక్కచోటే సర్కారు 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టింది. ఐదేళ్లలో మావి పదకొండు. కానీ సికింద్రాబాద్‌లో పాచిపని చేసేవాళ్లు కొల్లూరు నుంచి పొద్దున్నే ఆరింటికల్లా ఎలా రాగలరు? ఉన్నచోటే కట్టడం సాధ్యమని 2015లో భోయిగూడ ఐడీహెచ్ కాలనీలో 396 ఇళ్లు కట్టి ఇదే నగరం చూపించింది. ఉన్న జాగాలో ఎవరికి వాళ్లు కట్టుకోవడం దానికంటే తేలిక, నేల కొనక్కర్లేదు, ఎవరినీ కదిలించక్కర్లేదు.

ఇది ఈ నగరానికి కొత్తా కాదు. 1967లో మున్సిపల్ కార్పొరేషన్ అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అని ఒక విభాగం పెట్టింది. బస్తీవాళ్లు పట్టా చేతపట్టుకుని బ్యాంకు అప్పుతో ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకోవడానికి ఆ విభాగం వెంట నిలబడిందని మా సీనియర్లు కథలుగా చెప్పేవారు. ఆ విభాగం ఇప్పటికీ యూసీడీ పేరుతో జీహెచ్ఎంసీలో ఉంది, పొదుపు సంఘాల పనులు చూస్తోంది. నేను అడిగేది ఒక్కటే. ఇందిరమ్మ ఇల్లు మంజూరైన కుటుంబానికి ముగ్గు పోసిన రోజునే మొదటి లక్ష బదులిచ్చే తిరుగు నిధి ఒకటి ఆ విభాగం కింద సర్కిల్‌కొకటి పెట్టండి. సర్కారు విడత పడగానే అందులోకి జమ అయ్యేలా ముందే రాసుకోవచ్చు. కొత్త బడ్జెట్ కూడా పెద్దగా అక్కర్లేదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక సేవకు పెట్టాల్సిందే. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీలు పసుపు హెల్మెట్లతో పాటు అందులో కొంత ఈ నిధికి పంపితే, ఒకే లక్ష ఏడాదిలో రెండు మూడు ఇళ్లకు తిరుగుతుంది. మా పుస్తకంలో అలా తిరిగింది, వచ్చి చూసుకోవచ్చు.

మా పన్నెండో ఇంటికి వచ్చే నెల రెండో ఆదివారం స్లాబు. మీ ఫొటోగ్రాఫర్‌ను పంపాలనుకుంటే ముందు రోజు రాత్రే పంపండి. ఇసుక లారీ మూడింటికి వస్తుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టర్,
సీతాఫల్‌మండి, సికింద్రాబాద్