దసరాకి షాపు తెరవలేమండీ, కారణం పైకప్పు

దసరాకి బాగుచేసిన మేడలో మా పట్టుచీరల షాపు తెరుస్తామని వేసవిలో అందరికీ చెప్పాం కదా, అది కుదరదు. సంక్రాంతి దాటాకే. "ఆ పాత మేడ పడగొట్టి స్లాబు వేయించుకోక ఎందుకండీ ఈ తంటా" అని రోజూ ఎవరో ఒకరు వాట్సాప్‌లో అడుగుతున్నారు, అందుకే విషయమంతా ఒకేసారి రాసేస్తున్నాను.

మా జగన్నాథపురం మేడది మద్రాస్ టెర్రస్. కాకినాడ పాత మేడల్లో చాలావాటికి ఇదే పైకప్పు. టేకు దూలాలు దగ్గర దగ్గరగా పరిచి, వాటి మీద సన్నటి ఇటుకల్ని నిలబెట్టి ఐమూలగా సున్నంలో పేర్చి, ఆ పైన ఇటుక ముక్కలు కలిపిన సున్నం 3 అంగుళాల మందాన పోసి, చెక్కలతో రోజుల తరబడి కొట్టి, చివర్లో పలక పెంకులు వేస్తారు. మేం కొనకముందు ఎప్పుడో కారుతోందని ఎవరో దాని మీద సిమెంటు పోయించారు. సిమెంటు బిరుసు, కింద సున్నం మెత్తన, ఎండకి పైది పగిలింది. ఆ పగుళ్లలోంచి దిగిన నీళ్లకి మళ్లీ ఆరే దారి లేక గోడలోకి వెళ్లే దూలాల చివర్లలో చేరాయి.

సిమెంటు తీయించాక మేస్త్రీ ఒక దూలం చివర స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిపోయింది. రెండడుగులు ఇవతల అదే దూలానికి మొన కూడా దిగలేదు! అందుకని దూలాలు మొత్తం మార్చట్లేదు. పుచ్చిన చివరలు కోసేసి, కూల్చిన ఇళ్ల నుంచి కొన్న పాత టేకు అతికి, రెండు పక్కలా ఇనుప పలకలు బోల్టులతో బిగిస్తున్నారు. ఈ పని దాదాపు అయిపోయింది.

ఆగింది సున్నం దగ్గర. గుల్ల సున్నం గానుగ ఆడించి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లతో కలిపి కొట్టాలి (పెరడంతా ఒకటే పులిసిన వాసన, పక్కింటివాళ్లు ఓపిక పడుతున్నారు). అది గాలి పీల్చుకుంటూ నిదానంగా గట్టిపడే సరుకు. అక్టోబరు, నవంబరుల్లో మనకి తుపాన్లు ఎలాగూ తప్పవు, పచ్చి సున్నం మీద వాన కొడితే మొత్తం పోయినట్టే. ఇప్పటికి టార్పాలిన్ కప్పి ఆపాం.

స్లాబు వేస్తే డబ్బూ, టెన్షనూ రెండూ తగ్గేవి, కాదనను. కానీ పట్టుచీరలు పెట్టుకునే చోటు అండీ ఇది. చెమ్మ తగిలితే జరీ నల్లబడుతుంది. సున్నం గోడ చెమ్మ పీల్చినా మళ్లీ బయటికి వదిలేస్తుంది, దాన్ని సిమెంటుతో మూసేస్తే మన సముద్రపు గాలికి ఉప్పు పొంగి పెచ్చులు ఊడుతుంది. పాత ఇంటి మీద మోజు కూడా కొంత ఉంది లెండి.

కొత్తగా వచ్చేవి: గోడలు తవ్వకుండా పైపైనే పైపుల్లో వైరింగ్, చీరల గదికి ఏసీ, పెద్దవాళ్ల కోసం మెట్ల పక్కన ర్యాంపు. టాయిలెట్ మాత్రం పెరట్లో విడిగా కట్టాం, ఆ నీళ్ల గొడవ టేకు దూలాల దగ్గరికి రానివ్వను. ఒక ఇబ్బంది ముందే చెప్తున్నా, లోపల ప్లాస్టిక్ పెయింట్ వేయట్లేదు కాబట్టి గోడకి ఆనుకుంటే బట్టలకి సున్నం అంటుతుంది. బల్లలు గోడకి దూరంగా వేస్తాం.

డబ్బు సంగతి. బడ్జెట్ దాటిపోయింది, దానికోసం ధరలు పెంచట్లేదు, ఈసారి కొత్త సరుకు తక్కువ తెప్పిస్తున్నాం, అంతే. మీరిచ్చిన అడ్వాన్సులు ఇంటి పనికి పైసా కూడా వాడలేదు. దసరాకే చీర కావాలని ఇచ్చినవాళ్లకి చీర సమయానికే అందుతుంది, షాపు తెరిచాకే వచ్చి చూసి తీసుకుంటామనేవాళ్లు డబ్బు వెనక్కి అడగొచ్చు, మొహమాటపడకండి.

అప్పటిదాకా పెరటి వైపు రేకుల గదిలోనే ఉంటాం. మధ్యాహ్నం ఆ గదిలో కూర్చోలేం, ఉదయం గానీ సాయంత్రం గానీ రండి. మాఘమాసం పెళ్లిళ్లకి ఉప్పాడ జాందానీ కావాలంటే మాత్రం ఇప్పుడే చెప్పండి, బుటా (నేతలోనే వేసే పువ్వులు) ఎక్కువున్న చీర మగ్గం మీంచి దిగడానికి నెలలు పడుతుంది.