ముందు ఆ ఆరు గంటలు నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

విద్యుత్తు, తాగునీరు, ఆస్పత్రుల సిబ్బందికి సైబర్ భద్రతా నిబంధనల మీద ఇచ్చే తొలి శిక్షణ చాలాసార్లు సెక్షన్లు చదివి వినిపించడంతోనే అయిపోతోంది. రాత్రి షిఫ్టులో కంట్రోల్ రూములో ఉండే ఆపరేటరుకు అది అక్కరకు రాదు.

సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం రాన్సమ్‌వేర్ (ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రాం) వంటి దాడిని 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి. గమనించిన క్షణం నుంచే లెక్క, విచారణ తేలాక కాదు. సిస్టమ్ అమ్మిన వెండరు వచ్చి చూడాలనీ, పై అధికారి సంతకం కావాలనీ ఎదురుచూస్తే తెల్లారిపోతుంది. ఏ సిస్టమ్, ఎన్ని గంటలకు, తెర మీద ఏం కనిపించింది, ఏ సేవ ఆగింది: మొదటి నివేదికకు ఇంత చాలు. మిగతావి తర్వాత పంపవచ్చు. సెర్ట్-ఇన్ టోల్‌ఫ్రీ నంబరు 1800-11-4949 గోడ మీద రాసి ఉండాలి. కంప్యూటర్లో దాచుకున్న నంబరు, ఆ కంప్యూటరే లాకైన రోజు దొరకదు.

తెర మీద డబ్బు కట్టమన్న హెచ్చరిక కనబడగానే చెయ్యి పవర్ బటన్ మీదికి పోతుంది. అదే వద్దు. ఆపినా, రీస్టార్ట్ చేసినా మెమరీలోని ఆధారాలు చెరిగిపోతాయి. నెట్‌వర్క్ కేబుల్ పీకి, వైఫై ఆపి, తెరను ఫోన్‌తో ఫొటో తీయాలి. పంపులు, వాల్వులు నడిపే కంప్యూటరైతే పద్ధతి వేరు: ముందు వాటిని మాన్యువల్‌కు మార్చాలి, ఆ తర్వాతే కేబుల్ ముట్టుకోవాలి. ఈ వరుస ప్రతి ప్లాంటుకూ ముందే రాసిపెట్టుకోవాలి. మా దృష్టిలో శిక్షణలో సగం సమయం దీనికే ఇవ్వాలి.

లాగులు, అంటే ఎప్పుడు ఏం జరిగిందో సిస్టమ్ తనంతట తాను రాసుకునే రికార్డులు, 180 రోజులు ఉంచాలన్నది తెలిసిన నియమమే. కానీ నెట్‌వర్క్‌లోకి వచ్చీపోయేవాటిని వడకట్టే ఫైర్‌వాల్‌లో చోటు తక్కువ. నిండగానే పాతవాటి మీద కొత్తవి రాసుకుంటూ పోతుంది. వేరే లాగ్ సర్వరుకు పంపే ఏర్పాటు లేకుంటే కొద్ది రోజుల కిందటివి కూడా మిగలవు. సిస్టమ్‌లలోని గడియారాలూ అంతే. ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) టైమ్ సర్వర్లతో కలపకుండా వదిలేస్తే ఫైర్‌వాల్‌కూ సర్వరుకూ ఏడు నిమిషాల తేడా వచ్చిందనుకోండి, ఏది ముందు జరిగిందో చెప్పలేం.

శిక్షణ ముగిశాక పరీక్ష పెడితే రాత్రి షిఫ్టులోనే పెట్టండి. తెల్లకాగితం ఇచ్చి మొదటి నివేదిక రాయించండి. అయిదు నెలల కిందటి ఫైర్‌వాల్ లాగు ఒకటి తీసి చూపించమనండి.