మా చార్మినార్ పొట్టిదే, ఒప్పుకుంటున్నాను

నమస్కారం అండీ. సికింద్రాబాద్‌లోని మా షెడ్డు నుంచి బొమ్మ రైళ్ల లేఅవుట్‌లకి, అంటే బల్ల మీద పట్టాలు వేసి కట్టుకునే బుల్లి ఊళ్లకి, బుల్లి కట్టడాలు కొన్నవాళ్లందరికీ ఇది రాస్తున్నాను. మామూలుగా కొత్త మోడల్ వచ్చిందనో, పండక్కి తగ్గింపు ఉందనో రాస్తుంటాను. ఈసారి అదేం కాదు. గత దసరా నుంచి మీరు కొన్న చార్మినార్ డబ్బా మీద "హెచ్‌ఓ స్కేలు, 1:87" అని ఉంటుంది, అంటే అసలు కొలతలో 87వ వంతు అని. అది తప్పు. తప్పని అచ్చు వేయించేటప్పుడే నాకు తెలుసు.

ఎలా బయటపడిందో చెప్తాను. మొన్న వేసవిలో లాలాగూడ నుంచి ఒక పెద్దాయన షెడ్డుకి వచ్చారు. గూడ్సు బండ్ల మీద గార్డుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడా ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ, ఆయన మాత్రం నేను గార్డునే అంటారు. చార్మినార్ కొని పదిరోజులైంది. దాన్ని బల్ల మీద పెట్టి, చొక్కా జేబులోంచి ఒక బుల్లి మనిషి బొమ్మ తీశారు. హెచ్‌ఓ బొమ్మ, 19 మిల్లీమీటర్లు ఉంటుంది. ఐదున్నర అడుగుల మనిషిని 87తో భాగిస్తే వచ్చే ఎత్తు అదే. ఆ బొమ్మని మేడ మీద ఉండే చిన్న కమాను దగ్గర నిలబెట్టబోయారు. తల తగిలింది. "బాబూ, ఈయన లోపలికెళ్లాలంటే వంగాలి. కులీ కుతుబ్ షా మరీ ఇంత పొదుపరి కాదే" అన్నారు.

నవ్వాను. నవ్వి తప్పించుకుందామనుకున్నాను. ఆయన స్కేలు బద్ద కూడా తెచ్చుకున్నారు.

లెక్క మీరే చూడండి. 1591లో కట్టిన చార్మినార్ మినార్ల ఎత్తు దాదాపు 56 మీటర్లు. ఒక్కో వైపు వెడల్పు 20 మీటర్లు. దాన్ని 87తో భాగిస్తే మోడల్ ఎత్తు 64 సెంటీమీటర్లు, అడుగు వెడల్పు 23 రావాలి. మాది ఎత్తు 32, వెడల్పు 15. అంటే వెడల్పులో 1:133, ఎత్తులో 1:175. డబ్బా మీద రాసిన 1:87 రెండిట్లో ఒక్కదానికీ సరిపోదు. ఎన్ స్కేలులో, అంటే 1:160లో చేసినా 35 సెంటీమీటర్లు ఉండాలి. మాది దానికన్నా పొట్టి. పైగా వెడల్పు తగ్గించినంత కన్నా ఎత్తు ఎక్కువ తగ్గించాను కాబట్టి కాస్త బొద్దుగా కూడా ఉంటుంది. "ఎక్కడో తేడాగా ఉందండీ" అని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేస్తే లైటింగ్ వల్ల అలా కనిపిస్తుందని చెప్పాను. వాళ్లకి ప్రత్యేకంగా క్షమాపణలు.

ఎందుకు చేశానంటే, మా త్రీడీ ప్రింటర్‌లో ఒక ముక్క 22 సెంటీమీటర్లకి మించి రాదు. మినార్‌ని రెండు ముక్కలు చేస్తే ఒక్క అతుకు, మూడు చేస్తే రెండు అతుకులు. అతుకు పడ్డచోటల్లా అరగంట రుద్దాలి, మినార్లేమో నాలుగు. ఇంకో కారణం పార్శిల్ పెట్టె. నా దగ్గరున్న పెద్ద అట్టపెట్టె 36 సెంటీమీటర్లది. నిజం చెప్పాలంటే ఆ చార్మినార్‌కి కొలత ఇచ్చింది కుతుబ్ షాహీలు కాదు, ఆ అట్టపెట్టే.

కట్టడాన్ని కుదించడం తప్పు కాదు. రైలు లేఅవుట్‌ల మీద ప్రపంచమంతా చేసే పనే అది. రాజమండ్రి దగ్గర గోదావరి ఆర్చ్ బ్రిడ్జిని తీసుకోండి. ఒక్కో చాపం 97.55 మీటర్లు, అలాంటివి 28. హెచ్‌ఓలో కుదించకుండా చేస్తే ఒక్క చాపమే మీటరు పన్నెండు సెంటీమీటర్లు, మొత్తం వంతెన 31 మీటర్ల పైమాటే. ఎవరింట్లో పడుతుంది? ఎన్ స్కేలులో కూడా ఒక్క చాపానికి 61 సెంటీమీటర్లు కావాలి. మేం అమ్మే ఎన్ స్కేలు చాపం 45 సెంటీమీటర్లదే. మూడు చాపాలు వరసగా పెడితే చూసేవాళ్లకి గోదావరి గుర్తొస్తుంది, అంతవరకు చాలు. ఈ 45 సంగతి కూడా ఇప్పటిదాకా డబ్బా మీద లేదు. ఇక నుంచి ఉంటుంది.

పెద్దాయనతో నేను వాదించకుండా ఊరుకోలేదు. "అయ్యా, అసలు పట్టాలే అబద్ధం కదా" అన్నాను. మన బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య దూరం ఐదడుగుల ఆరంగుళాలు, 1676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓలో అది 19 పైన రావాలి. దొరికే హెచ్‌ఓ పట్టా 16.5. అది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కి తగ్గ కొలత. ఆ లెక్కన మన ఊళ్లో ఆ పట్టాల మీద ధైర్యంగా తిప్పదగ్గది హైదరాబాద్ మెట్రో ఒక్కటే. మెట్రో నడిచేది స్టాండర్డ్ గేజ్ మీదే మరి. మనం దర్జాగా తిప్పుకునే దక్షిణ మధ్య రైల్వే బండ్లన్నీ ఇరుకు పట్టాల మీద పోతున్నట్టే. ఆయన అంతా విని, "పట్టాల డబ్బా మీద 16.5 అని రాసే ఉంటుంది బాబూ" అన్నారు. ఇక నాకు మాట రాలేదు.

అందుకని చేస్తున్నది ఇదీ. పాత చార్మినార్ కొన్నవాళ్లు వెనక్కి పంపితే పూర్తి డబ్బు ఇస్తాను. డబ్బా పారేసినా, మీరే ఇంకో రంగు వేసుకున్నా సరే, పార్శిల్ ఖర్చు నాదే. ఇప్పటికి అమ్మినవి 41. అందరూ ఒకేసారి పంపితే మాత్రం ఒక నెల ఓపిక పట్టాలి, ఎందుకంటే ఆ డబ్బు ఇప్పటికే కొత్త ప్రింటర్ వాయిదాల్లోకి వెళ్లింది. ఉంచుకుంటానంటే దాన్ని లేఅవుట్ ముందు కాకుండా వెనక గోడ దగ్గర పెట్టండి. చిన్న కొలత కట్టడం వెనక ఉంటే దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ముందు స్టేషను, మధ్యలో రెండు వరసల ఇళ్లు, వాటి వెనక చార్మినార్. అక్కడైతే ఎవరూ బొమ్మ తెచ్చి నిలబెట్టి చూడరు. మిగిలిన స్టాకుని ఇక "వెనక వరస చార్మినార్" అనే పేరుతో, కొలతలు రాసి, 2,400కి బదులు 1,500కి అమ్ముతాను.

అసలు కొలత హెచ్‌ఓ చార్మినార్, 64 సెంటీమీటర్లది, ఆర్డర్ మీదే చేస్తాను. ధర 7,800. ఎక్కువే, తెలుసు. ఎన్ స్కేలుది 35 సెంటీమీటర్లు, 3,200. ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క పని చేయండి. 64 సెంటీమీటర్ల అట్టముక్కని మీ లేఅవుట్ మీద రెండు రోజులు నిలబెట్టి చూడండి. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ మీద అది రైలుని మింగేస్తుంది. బండి ఎటు పోతోందో ఎవరూ చూడరు, కళ్లన్నీ మినార్ల మీదే ఉంటాయి.

ఇక్కడ నా వ్యాపారానికి పనికిరాని సలహా ఒకటి. ఒక లేఅవుట్‌కి పేరున్న కట్టడం ఒకటి చాలు, మహా అయితే రెండు. చార్మినార్, కాచిగూడ స్టేషను, ఆర్చ్ బ్రిడ్జి, పక్కనే ఇంకో గోపురం అన్నీ ఒకే బల్ల మీద పెడితే అది ఊరులా ఉండదు, ఎగ్జిబిషన్ స్టాల్‌లా ఉంటుంది. మా దగ్గర అమ్ముడుపోకుండా మూలనున్న గేటు క్యాబిన్, ఇరానీ హోటల్, నీళ్ల ట్యాంకు, రైల్వే క్వార్టర్లు ముందు తీసుకోండి. పేరున్న కట్టడానికి ఆ పేరు నిలబడేది చుట్టూ పేరులేని ఇళ్లు ఉన్నప్పుడే. సేకరించడమే సరదా అనుకునేవాళ్ల సంగతి వేరు. వాళ్లకి అద్దాల బీరువా ఉంటుంది, అందులో ఎన్నయినా పెట్టుకోవచ్చు.

కాలం సంగతి కూడా చూసుకోండి. కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కి నిజాం రైలు వచ్చింది 1874లో. చార్మినార్‌కి నాలుగు వైపులా గడియారాలు పెట్టింది 1889లో. మీ లేఅవుట్ తొలినాటి నిజాం రైలుదైతే గడియారాలు లేని చార్మినార్ కావాలని చెప్పండి, అదే ధరకి చేసిస్తాను. కాచిగూడ స్టేషను కట్టింది 1916లో, కాబట్టి అప్పటి లేఅవుట్‌లో అదీ ఉండకూడదు. ఆర్చ్ బ్రిడ్జి మీద బండ్లు తిరగడం మొదలైంది 1997లో, అప్పటికి మన బ్రాడ్‌గేజ్ మీద బొగ్గింజన్ల రోజులు అయిపోయాయి. పొగ వదిలే ఇంజను నడపాలనుంటే దాని పాత చెల్లెలు, 1900లో మొదలై 1997లో విశ్రాంతి తీసుకున్న హేవలాక్ బ్రిడ్జి కావాలి. చెల్లెలంటున్నాను గానీ వయసులో అక్కే. అది మా దగ్గర ఇంకా తయారు కాలేదు. ఇవేవీ పట్టించుకోకుండా ఆర్చ్ బ్రిడ్జి మీద బొగ్గింజను నడిపినా మీ ఇల్లు, మీ ఇష్టం.

కాచిగూడ గుమ్మటాల ఫిర్యాదులు నాకు గుర్తున్నాయి. మే నెలలో పంపిన వాటిలో తొమ్మిదింటికి గుమ్మటాలు పక్కకి వాలిపోయాయి. పార్శిల్ వాళ్ల నిర్లక్ష్యం అని నేను ముందు రాశాను. వాళ్లదేం లేదు. మేం వాడింది పీఎల్ఏ అనే ప్లాస్టిక్కు. 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే ఎండలో మూసిన వ్యాను లోపల ఎంత వేడి ఉంటుందో నేను ఆలోచించలేదు. ఇప్పుడు గుమ్మటాలు ఏబీఎస్ అనే ఇంకో ప్లాస్టిక్కుతో చేస్తున్నాం, అది వంద డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ప్రింటయ్యేటప్పుడు వాసన భరించలేక మా ఆవిడ ఆ ప్రింటర్‌ని ఇంట్లోంచి షెడ్డులోకి గెంటేసింది, మంచిదే అయింది. వాలిన గుమ్మటాలున్నవాళ్లు ఫొటో పంపండి చాలు, కొత్తవి వస్తాయి. విశాఖ, కాకినాడ వైపు వాళ్లకి గోడలు ఉబ్బాయన్న సంగతీ నిజమే. గోడలకి వాడే ఎండీఎఫ్, అంటే చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసే పలక, తేమ పీలుస్తుంది, మేం వార్నిష్ బయటివైపే కొట్టాం. ఇప్పుడు లోపల కూడా కొడుతున్నాం.

చార్మినార్ గోడల మీది సున్నపు నగిషీ ప్రింటర్‌తో సరిగ్గా రావట్లేదని బాధపడుతుంటే, కొండపల్లి నుంచి వచ్చిన ఒక బొమ్మల పనివారు దారి చూపించారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి వాళ్లు మక్కు చేస్తారు. తెల్ల పొణికి చెక్క ముక్కల్ని అతికేది, ఏనుగు తొండానికి వంపు తెచ్చేది దాంతోనే. పొట్టు బాగా జల్లించి పల్చగా కలిపి చిన్న బ్రష్‌తో అద్దితే 64 సెంటీమీటర్ల చార్మినార్ మీద నగిషీ ఎంత చక్కగా లేచిందో, నాకే ఆశ్చర్యం వేసింది. 7,800లో ఎక్కువ భాగం ఆయన చేతిపనికే పోతుంది. ఎన్ స్కేలుకి మాత్రం మక్కు పనికిరాదు, పొట్టు గింజలు బండరాళ్లలా కనిపిస్తాయి.

సికింద్రాబాద్ స్టేషను గురించి రోజూ అడుగుతున్నారు. 2025లో కొత్త స్టేషను కోసం ముందు వైపు తోరణాల పాత కట్టడాన్ని పడగొట్టారు కదా, ఆ వారంలో మాకు వచ్చినన్ని ఫోన్లు అంతకుముందు ఏడాదంతా రాలేదు. ఇంకో తప్పు కూడా చెప్పేస్తాను. ఆ ఊపులో దానికి "ఇక దొరకదు" అని బొట్టు బిళ్లంత స్టిక్కర్ అంటించి ఆరు వందలు పెంచాను. రెండు వారాలు అమ్మాను. తర్వాత రాత్రిళ్లు నాకే ఎబ్బెట్టుగా అనిపించి తీసేశాను. అప్పుడు కొన్నవాళ్లకి ఆ ఆరు వందలు వెనక్కి వేస్తున్నాను. ఆ మోడల్‌లో ఎడమవైపు కొలతలు నేను అడుగులు వేసి లెక్కపెట్టినవి. కుడివైపు కొలుద్దామనుకునేసరికి రేకులు కట్టేశారు. ఇప్పుడు పాత ఫొటోలే దిక్కు. తోరణాల ముందు మనిషో, ఆటోనో నిలబడి ఉన్న ఫొటో మీ ఇంట్లో ఉంటే పంపండి. మనిషి ఎత్తుని బట్టి కట్టడం ఎత్తు తీయొచ్చు. కుడివైపు సరిదిద్దే వరకు ఆ మోడల్ అమ్మకం ఆపాను.

విదేశీ కిట్లు తెప్పించి పెట్టమని అడిగేవాళ్లకి జవాబు, కుదరదండీ. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. ఈ షెడ్డు నడుస్తున్నదే ఆ సుంకం వల్ల, నా గొప్పతనం కొంచెమే. అలాగే సంక్రాంతి బొమ్మల కొలువు కోసం చుట్టూ రైలు తిరిగే సెట్టు అడిగినవాళ్లు డిసెంబరు 10 లోపు చెప్పాలి. కొలువుకి స్కేలు పట్టింపు లేదు, రాముడి పక్కన రాముడంత పోలీసు బొమ్మ కూడా ఉంటుంది కాబట్టి, "వెనక వరస చార్మినార్" అక్కడ హాయిగా ముందు వరసలో కూర్చోవచ్చు.

మొదటి 64 సెంటీమీటర్ల చార్మినార్ లాలాగూడ పెద్దాయనకే ఇవ్వాలని పోయిన ఆదివారం నేనే స్కూటర్ మీద తీసుకెళ్లాను. ఆయన లేఅవుట్ వెనక గదిలో, అటక కింద ఉంది. బల్లకీ అటకకీ మధ్య కొలిస్తే 58 సెంటీమీటర్లు. ఆయన చార్మినార్‌ని చూశారు, అటకని చూశారు, నన్ను చూశారు. "పైన ఓ ఆరేడు సెంటీమీటర్లు తగ్గించగలవా బాబూ?" అన్నారు.

తగ్గిస్తాను గానీ డబ్బా మీద రాస్తానని చెప్పాను.