చిన్నోడికి, అమ్మ రాసేది

నాన్నా చిన్నోడా,

ప్రభువు నామంలో నీకు శుభం. ఫోన్ చేస్తే మీటింగ్ అంటావు, అందుకే రాస్తున్నా. గోంగూర పచ్చడి బస్సు పార్శిల్‌లో వేశాం, సీసాలో తడి గరిటె పెట్టకు. నాన్న మోకాలు అలాగే ఉంది. అయినా చర్చి గంట తాడు ఇంకొకరి చేతికి ఇవ్వరు.

పెద్దత్త వాళ్లింట్లో ప్రధానం బాగా జరిగిందట. నువ్వు చిక్కిపోయావని అందరూ ఒకటే మాట. రాత్రి డాబా మీద కుర్రాళ్లంతా నీ చుట్టూ చేరారనీ తెలిసింది. లేని రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఎలా పెట్టావో, వెరిఫికేషన్ వాళ్లు ఫోన్ చేస్తే నీ ఫ్రెండ్ మేనేజర్‌లా గొంతు మార్చి ఎలా మాట్లాడాడో చెప్పి నవ్వించావట. ఎవరు చెప్పారని అడక్కు.

సరేలే. రాత్రిపూట ఏం తింటున్నావు? ఆ ఆర్డర్ పెట్టుకునే బిర్యానీలు మానేయ్, గుడ్డు ఉడకబెట్టుకోవడానికి ఎంతసేపు?

ఉద్యోగం లేక నువ్వు పడ్డ టెన్షన్ నాకు తెలుసు. చేసింది తప్పే, అది నువ్వూ దేవుడూ తేల్చుకోవాలి. దాన్ని ఘనకార్యంలా చెప్పావే, నాకు నిద్ర పట్టనిది దానికి.

నీకు ఈల వేయడం నేర్పిన పెద్దతాత గుర్తున్నాడా? ఆయన మిరపకాయలు గుంటూరు తోలేవాడు. కాయ విరక్కుండా కాస్త తడపడం చాలామంది చేసేదే, ఈయన చేతికి మాత్రం కొలత ఉండేది కాదు. తూకం కోసం బిందెలతో నీళ్లు చల్లి టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, తొక్కించేవాడు. ఒకసారి కమీషన్ కొట్టు గుమాస్తా సంచిలో చెయ్యి పెట్టి "ఇదేంటయ్యా" అంటే, "మా ఊళ్లో మంచు ఎక్కువండీ" అన్నాడట. అంతే, అది కథైపోయింది. వేసవిలో వాకిట్లో మంచాలు వేసుకుంటే రోజూ అదే. ఆ గుమాస్తా ముక్కుతో మాట్లాడేవాడట, ఆ గొంతు కూడా పెట్టేవాడు. మేం పిల్లలం పడీపడీ నవ్వేవాళ్లం. మా నాయనమ్మ మాత్రం దుప్పటి లాక్కుని అటు తిరిగి పడుకునేది. మరుసటి ఏడు మా వీధిలో ప్రతి కళ్లంలోనూ మంచు కురిసింది! ఇక మా ఊరి పేరు చెబితే చాలు, కొట్లో సంచి విప్పకముందే తరుగు తీసేవాళ్లు. చుక్క నీళ్లు చల్లని మా నాన్న టిక్కీలకీ అదే కోత. ఆ ఏడు నా స్కూలు ఫీజు ఎలా కట్టారో అమ్మమ్మని అడుగు. పెద్దతాత మాత్రం ఆ కథ చెప్పడం మానలేదు.

లెక్చర్ ఇవ్వనని నాన్నకి మాటిచ్చాను. అయినా ఒక్కమాట. కొరింథులో పాపం చేసింది ఒకడు. పౌలు చీవాట్లు పెట్టింది సంఘానికి, దుఃఖపడాల్సింది పోయి ఉప్పొంగుతున్నారని. "మీరు అతిశయపడుట మంచిదికాదు" అని, వెంటనే పులిసిన పిండి మాట ఎత్తాడు. ముద్దంతా పులిసేది అలాగే. ఆదికాండం 4వ అధ్యాయంలో లెమెకు కూడా మనిషిని చంపి, పెళ్లాలిద్దరినీ పిలిచి గొప్పగా చెప్పుకున్నాడు. కీర్తనలు 51, 52 పక్కపక్కనే ఉంటాయి, ఈ రాత్రి రెండూ చదువు. మొదటిదాంట్లో దావీదు తన తప్పుకి ఏడుస్తాడు. రెండోది "శూరుడా, చేసిన కీడునుబట్టి నీవెందుకు అతిశయపడుచున్నావు?" అని మొదలవుతుంది. మన కూటాల్లో కొందరు సాక్ష్యం చెబుతూ పాత తాగుడు సంగతులు అరగంట, ప్రభువు సంగతి రెండు నిమిషాలు చెబుతారు చూడు, అది విన్నా నాకు ఒళ్లు మండుతుంది.

దిండు గలీబు ఉతుకుతున్నావా? తలలో చుండ్రు అందుకే.

అసలు సంగతి, బన్నీ కూడా ఎక్స్‌పీరియన్స్ కాగితాలకి ఎవరికో డబ్బు కడతానంటున్నాడు. "అన్న చేయలేదా, ఏమైంది?" అంటున్నాడట. పిన్ని గాజులు తాకట్టుకి తీసి పెట్టింది. నేను చెబితే వినడు, బాబాయి చెబితే అసలు వినడు. నీ మాట వింటాడు. డాబా మీద చెప్పని ముక్క వాడికి చెప్పు. హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తే ఇప్పటికీ చేతులు చల్లబడతాయని క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నాతో అన్నావే, అది. వాడు ఆదివారం ఆరాధన అవగానే బస్సెక్కుతాడు, ఆలోపే ఫోన్ చెయ్యి. పిన్నికి నేను చెప్పానని అనకు.

ప్రార్థనతో,
అమ్మ